గొట్టాల కింద నేల

ముసలాయనకి మతి పోయిందట. రోజూ పార భుజాన వేసుకుని రోడ్డు కట్ట కిందికి దిగి కప్పలకి ఇల్లు కడుతున్నాడట. కుళాయి దగ్గర ఎదురింటావిడ ఈ మాట అందరికీ పంచిపెట్టింది. తిరిగి తిరిగి అది ఆయన చెవినా పడింది.

"అద్దె కూడా మాట్లాడేశానని చెప్పు ఎదురింటి మీ వదినకి," అన్నాడు భార్యతో.

ఆమె నవ్వలేదు. తడిపినా పుటుక్కున విరిగిపోయిన తుంగకాడని పక్కన పడేసి మరొకటి అందుకుంది. అల్లుతున్న చాప చాన్నాళ్లుగా సగంలోనే ఉంది. తుంగ లేకపోతే ఆమె చేతులకి వేరే పని తెలీదు.

రోడ్డు రాకముందు ఊరి పక్క చిత్తడి నేలంతా ఒకటే. తుంగ మొదళ్ల మధ్య నుంచి నీళ్లు చప్పుడు లేకుండా కిందికి జారిపోయేవి. ఇప్పుడు కట్టకి అటు నల్లటి నీళ్లు నిలిచిపోయి కంపు కొడుతున్నాయి. ఇటు నేల నెర్రెలిచ్చింది, తుంగ అరిగిపోయిన చీపురులా నిలబడింది. కట్ట మధ్యలో నీళ్లు దాటడానికి గొట్టాలు లేకపోలేదు. నీళ్లకి అందనంత ఎత్తున నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

వాటిని వేసింది ఆయనే, రోడ్డు కూలికి వెళ్లిన వేసవిలో. అడుగున బురద తగిలేదాకా తవ్వమని చెప్పి మేస్త్రీ తన దారిన తను పోయాడు. ఈయన ఎండిన మిట్ట మీదే గొట్టాలు పేర్చి మట్టి కప్పేశాడు. వానలు పడితే నీళ్లే ఎక్కొస్తాయిలే అనుకున్నాడు.

ఎదురింటావిడ మాట విన్న మర్నాడు పగలంతా ఒక గొట్టం కింద తవ్వాడు. రోలరు తొక్కిన మట్టి రాయిలా ఎదురు తన్నింది. లారీ పోయినప్పుడల్లా నెత్తిన మట్టి రాలింది. దులుపుకుని మళ్లీ వంగాడు. పొద్దు వాలేసరికి పార అంచు తడిగా పైకొచ్చింది. వేలితో తీసి వాసన చూశాడు. అటువైపు కంపే! కాసేపు కూర్చుందామని గట్టుకి వీపు ఆనించాడు.

దీపాల వేళకి భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమయ్యా, ఇంటికి దారి మర్చిపోయావా?"

ఆయన లేవలేదు.

ఇంట్లో ఆ సగం చాప మీదే పడుకోబెట్టారు. కాళ్లు నేల మీదే ఉండిపోయాయి.

అన్నీ అయ్యాక, బస్సులో వచ్చిన ఆమె తమ్ముడు బావ పోయిన చోటు చూస్తానన్నాడు. ఎదురింటావిడ కూడా వెంట నడిచింది. పార గుంటలోనే నిలబడి ఉంది. దాని చుట్టూ మట్టి కొద్దిగా నానింది.

"ఇంతెత్తునా? ఏ తలమాసినోడు వేశాడే అక్కా ఈ గొట్టాలు?"

ఎదురింటావిడ తల దించుకుంది. అక్క పార పెరికి భుజాన వేసుకుంది.

"మీ బావే. జలగలు పడతాయి, బురదలోకి దిగొద్దని ఆనాడు చెప్పింది నేను."