లేపిన చేతులు

ధన్... ధన్... ధన్...

ముందు చప్పుడే వచ్చింది. మా పెరటిగోడ అవతలి మైదానంలో ఎవరో డ్రమ్ములు సరిచూస్తున్నారు. రుబ్బురోట్లో నా చేయి తనకు తెలియకుండానే ఆ లయలో పడింది.

"ఏంది కోడలా, పిండి రుబ్బతా ఉండావా, తాళం వేస్తా ఉండావా?" అన్నారు అత్తగారు.

పదిహేడేళ్లుగా నేను కోడలినే. అత్తగారి పేరూ నా పేరూ ఒకటే కావడం నా నేరం. "అమ్మ పేరు పెట్టి పెండ్లాన్ని ఎట్ల పిలిచేది?" అన్నారు పెళ్లినాడే మా ఆయన సీతాపతి. అంతే. ఆయనకు "ఏమే" అయ్యాను, ఇంటికి "కోడలా" అయ్యాను. పెళ్లయిన ఏడాదికే మా అమ్మ పోయాక నా పేరు పలికే నోరు లోకంలో మిగల్లేదు.

ఆ సాయంత్రం మా అమ్మాయి వసంత ఆ మైదానంలో రాక్ కచేరీ చూడాలని మొండికేసింది.

"నువ్వూ పో దాంతో. పిల్లకు గీత పడినా నీదే పూచీ," అన్నారాయన కొట్టుకు బయలుదేరుతూ.

వేదిక ముందు కుర్రాళ్లు, నడుమ కొందరు ఆడపిల్లలు, భుజాలతో ఢీకొంటూ, ఒకరినొకరు తోసుకుంటూ ఎగురుతున్నారు. నాట్యమా, పోట్లాటా? అంతలో ఒకడు పడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు చటుక్కున ఆగి, వలయం కట్టి, వాణ్ణి లేపి నిలబెట్టి, మళ్లీ గుద్దుకున్నారు.

రెండో కాన్పు నాలుగో నెలలో నేను వంటింట్లో జారిపడ్డాను. చేతిలోని ఇత్తడి గుండిగ దొర్లిపోయింది. "సొట్ట పడిందేమో చూడరా," అన్నారు అత్తగారు. ఆయన వచ్చి గుండిగను ఎత్తారు. ఆ బిడ్డ నిలవలేదు.

వసంత గుంపులోకి దూరింది. "యాడికే!" అంటూ వెనకే దూరాను. ఎవరి భుజమో తగిలింది. పడ్డాను. దుమ్ము, కాళ్లు, ధన్ ధన్. ఇక తొక్కేస్తారని కళ్లు మూసుకున్నాను.

చేతులు. చంకల కింద, వీపు కింద, తల కింద. ఎవరివో తెలియని చేతులు నన్ను నిలబెట్టాయి. చెమటతో తడిసిన ఒక అమ్మాయి నా కొంగు దులిపి భుజాన వేసింది. నా పక్కకు చేరిన వసంతను, అమ్మ పేరేమిటని అరవంలో అడిగింది: "అమ్మా పేరెన్న?"

వసంత నోరు తెరిచి, ఆగిపోయింది. పదిహేనేళ్ల పిల్ల, తల్లి పేరు ఒక్కనాడూ వినలేదు.

నా నాలుక మీదికి ముందు "కోడలు" అనే మాటే వచ్చింది. మింగాను. ఆ హోరును మించి, నా బిడ్డకు వినిపించేలా, గొంతెత్తి చెప్పాను.

"అలివేలు!"