మైదానం ఖాళీ

పన్నెండో బొమ్మ పొట్టలో నీళ్ల సంచీ సర్ది, చొక్కా బొత్తాలు పెట్టి ఆమె లేచి నిలబడింది. మోకాలు కటుక్కుమంది. ఎముక అరిగిపోతోందేమోనని కాసేపు భయపడి, తర్వాత పదమూడో బొమ్మ దగ్గరికి జరిగింది.

రేకుల షెడ్డులో బాయిలరు గుర్రుమంటోంది. గోనెగుడ్డలో గడ్డి కూరి కుట్టిన ఇరవై నాలుగు బొమ్మలు గోడవారగా ఆనించి ఉన్నాయి. నిలబడేవి పదహారు, వాటి చేతులకు కర్రలు కట్టి ఉంటాయి. కూర్చునేవి నాలుగు, వాటి ఒళ్లో మూటలు. మిగిలిన నాలుగూ నడుమెత్తున ఉండే పిల్లబొమ్మలు. ఒక్కోదానికి పొట్టలో పెద్ద సంచీ, తలలో చిన్న సంచీ. పోసేటప్పుడు నీళ్లు నలభై ఆరు డిగ్రీలు ఉండాలి. జీపెక్కి, గాలికి చల్లారి, విమానం వచ్చే వేళకు మనిషి ఒంటివేడికి దిగుతాయి. థర్మామీటరు ఇచ్చారు గానీ, సంతకం పెట్టే ముందు తప్ప ఆమె దాన్ని చూడదు. చేతి వెనక భాగం ఆనిస్తే చాలు, అర డిగ్రీ తేడా కూడా తెలిసిపోతుంది.

విమానం కడుపు కింద ఒక కెమెరా బిగించి ఉంటుందట. అది వెలుతురును కాదు, వేడిని చూస్తుంది. నేలంతా నల్లగా, వెచ్చగా ఉన్నదల్లా తెల్లగా కనబడుతుంది. ఆ తెల్లటివాటిలో దేన్ని కొట్టాలో, దేన్ని వదిలేయాలో అదే ఎంచి పైలటుకు చూపిస్తుంది. కర్ర పట్టుకున్నదాని చుట్టూ ఎర్రగడి గీస్తుంది. ఒట్టి చేతులవాళ్ల చుట్టూ, పిల్లల చుట్టూ పచ్చగడి. ఎంపిక సరిగ్గా వస్తోందో లేదో చూడడానికే ఈ మైదానం, ఈ బొమ్మలు, ఆమె ఉద్యోగం. ఇక్కడ పైనుంచి ఏమీ పడదు, చూడడం వరకే. అయినా చేరిన కొత్తలో, బొంత కప్పుకుని పడుకున్న మనిషి కూడా కనబడతాడా అని ఆమె లెక్కగది సారును అడిగింది. కనబడతాడమ్మా, ఎందుకు కనబడడు, అన్నాడాయన. ఆ తర్వాత చాలాకాలం ఇంట్లో కూతురికి బొంత కప్పినప్పుడల్లా ఆమె ఒకసారి పైకప్పు వంక చూసేది.

ఆమె నింపిన బొమ్మల్ని జీపెక్కించి, మైదానంలో గుంజలకు కట్టి నిలబెట్టడం ఆమె భర్త పని. పద్దెనిమిదేళ్లుగా ఇద్దరిదీ ఇదే. సన్నగా, కాస్త వంగిన నడుముతో, ఏ వస్తువునైనా రెండు చేతులతో జాగ్రత్తగా దించే మనిషి. అలాంటివాడు ఈరోజు ఆరో బొమ్మను గుమ్మంలోనే రెండుసార్లు దించాడు. రెండోసారి ఎడమ భుజం పట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. చెవుల వెనక చెమట మెరిసింది. బయట ఈదురుగాలి, మబ్బు. చలికి బాయిలరు ముందున్న ఆమెకే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అతనికి చెమటేమిటి?

రాత్రి నుంచీ ఆ నొప్పి ఉంది. గ్యాసు అంటాడు. ఆమె సంచీ మూత బిగించకుండానే పక్కన పెట్టి లేచింది.

"ఇవాళ్టికి వేరేవాళ్లు కడతార్లెండి. మనం డాక్టరు దగ్గరికి పోదాం పదండి."

"వేరేవాళ్లంటే ఎవరు? నీ పన్నెండో నంబరుగాడు లేచి కడతాడా?"

జీపు డ్రైవరు పగలబడి నవ్వాడు. అతను ఆమెను అక్కా అనీ, ఆమె భర్తను బావా అనీ పిలుస్తాడు. చుట్టరికమేమీ లేదు, పదేళ్లు ఒకే చోట టీ తాగిన వరస. భయాలక్క మొదలుపెట్టిందిరా బాబూ, అని బొమ్మకు చెప్పినట్టు చెప్పాడు.

ఆ పేరు ఆమెకు పోయిన నెలలోనే స్థిరపడింది. మందులషాపులో తెచ్చుకున్న మాత్ర అతను పొద్దున వేసుకోకుండా మైదానంలోకి వెళ్లాడని గుర్తొచ్చి, విమానం పైన ఉండగానే రేడియో నొక్కి, మా ఆయన ఎలా ఉన్నాడో ఎవరైనా చూశారా అని అడిగేసింది. అందరి రేడియోల్లోనూ వినబడింది. ఆకాశంలోంచి పైలటు జవాబిచ్చాడు, కంగారుపడకమ్మా, పైనుంచి చూస్తున్నా, మీ ఆయన దివ్యంగా ఉన్నాడు, అని. వారం రోజులు మైదానమంతా అదే నవ్వు. ఎవరు ఎదురైనా దివ్యంగా ఉన్నారా సార్ అని అతన్ని పలకరించడమే. ఆమెకు కాగితం మీద హెచ్చరిక వచ్చింది. విమానం ఉన్నప్పుడు అడిగితే తప్ప మాట్లాడకూడదు అని. అతను రెండు రోజులు టీ తాగడానికి వెళ్లలేదు.

డ్రైవరు బొమ్మలు సర్దడానికి అటు తిరగగానే అతను గొంతు తగ్గించి అన్నాడు.

"మూడింటికల్లా పనైపోతుంది. అయ్యాక నువ్వు ఏ డాక్టరు దగ్గరికి లాక్కెళ్తే ఆ డాక్టరు దగ్గరికొస్తా. సూది వేయించుకోమంటే వేయించుకుంటా. ఒక్కటే షరతు. అప్పటిదాకా రేడియోలో నా ఊసెత్తకు."

"మధ్యలో నొప్పి ఎక్కువైతే?"

"మహాతల్లీ, కొంపలేం మునిగిపోవు. మాట ఇస్తావా లేదా?"

ఆమె మాట ఇచ్చింది. మూడింటికి డాక్టరు దగ్గరికి వస్తాననడమే గొప్ప. ఇన్నేళ్లలో ఒక్కసారి రాలేదు.

జీపు వెళ్లిపోయాక, ఖాళీ సంచుల్ని తీగ మీద ఆరేస్తూ ఆమె గడియారం చూసింది. పదీ పది. మూడింటికి ఇంకా నాలుగు గంటల యాభై నిమిషాలు.

అందరూ అనుకుంటారు, ఆమె పుట్టుకే పిరికిదని. కాదు. మొదటి బిడ్డ నాలుగేళ్లవాడు, వాడికి జ్వరం తగిలినప్పుడు చేతి వెనక భాగం నుదుటికి ఆనించి, ఇది మామూలు జ్వరం కాదని అందరికంటే ముందు ఆమే అంది. అత్తగారు వినలేదు. పక్కింటివాళ్లు, పిల్లలకు జ్వరాలు రావా, ఇంత హడావుడా అన్నారు. అతనూ తెల్లారాక చూద్దాం అన్నాడు. అందరూ అంటున్నారు కదాని ఆమె నోరు మూసుకుంది. తెల్లారేసరికి వాడి ఒళ్లు ఆమె చేతికింద మెల్లగా చల్లబడింది. అప్పటి నుంచి మనసులో ఏ భయం పుట్టినా పైకి అనేస్తుంది. గ్యాసు పొయ్యి వాసన, కూతురి దగ్గు, వీధిలో లారీ బ్రేకు, అన్నీ అనేస్తుంది. అనేస్తే జరగదని ఆమె నమ్మకం. ఇన్నేళ్లుగా జరగలేదు కూడా.

పది గంటల నలభైకి గోడమీది రేడియోలో అతని గొంతు వినబడింది.

"మైదానం ఖాళీ."

ఆమె ఊపిరి పీల్చుకుంది. గొంతు మామూలుగానే ఉంది, కాస్త ఆయాసం అంతే. ఆ మాట చెప్పేసరికి అతను మైదానంలోనే ఉంటాడని ఆమెకు తెలుసు, అందరికీ తెలుసు. జీపు ఇంజను వేడి కెమెరాలో సూర్యుడిలా వెలిగిపోతుంది కాబట్టి బొమ్మలు దించగానే డ్రైవరు దాన్ని దూరంగా తీసుకుపోవాలి. కట్టేవాడు నడిచే రావాలి. నడక పది నిమిషాలు. అవతల విమానం సిద్ధంగా ఉండి తొందరపెడుతుంటుంది. అందుకని ఆఖరి ముడి వేసి, నడక మొదలుపెడుతూనే ఖాళీ అని చెప్పేయడం ఎప్పటి నుంచో అలవాటు. అతను గేటు దాటేలోపు విమానం ఎటూ రాదు. ఒక్కసారి కూడా తేడా రాలేదు.

పది నిమిషాలు గడిచాయి. అతను షెడ్డుకు రాలేదు. డ్రైవరు గదికి వెళ్లి ఉంటాడు, అక్కడ టీ ఉంటుంది, అనుకుంది. తన దగ్గర మాట తీసుకున్నాడు కదా, ఎదురుపడితే మళ్లీ మొదలుపెడుతుందని తప్పించుకుంటున్నాడు, అని కూడా అనుకుంది. అయినా గుమ్మంలోకి వెళ్లి చూసింది. గోడ అడ్డం. మైదానం కనబడదు.

విమానం వచ్చింది. రేకులు దడదడలాడాయి. చప్పుడు దూరమయ్యాక రేడియోలో లెక్కగది సారు గొంతు. తెర ముందు కూర్చుని గడులు లెక్కపెట్టే పని ఆయనది.

"ఇరవై అయిదు చూపిస్తోంది. షెడ్డు, ఎన్ని నింపావమ్మా?"

తనను అడిగారు. అడిగారు కాబట్టి మాట్లాడవచ్చు. ఆమె చెయ్యి తుడుచుకుని మీట నొక్కింది.

"ఇరవై నాలుగే సార్. నా చేత్తో నింపాను. సంతకం కూడా పెట్టాను."

"మళ్లీ చూసుకో."

"చూసుకున్నాను సార్. ఇరవై నాలుగే."

ఆమె వేలు మీట మీదే ఉంది. ఇంకో మాట నాలుక దాకా వచ్చి నిలబడింది. అతను వచ్చాడా, ఎవరైనా చూశారా. అంతే, నాలుగు మాటలు. డ్రైవరు గదిలో కూర్చుని అతను ఈ రేడియోనే వింటూ ఉంటాడు. డ్రైవరు పగలబడి నవ్వుతాడు. పైలటు ఇంకేదో అంటాడు. అతను తల దించుకుని, డాక్టరూ లేదు గీక్టరూ లేదు పో, అంటాడు. మూడింటికి వస్తానన్నది కాస్తా పోతుంది. ఆమె వేలు తీసేసింది.

సారు పక్కవాళ్లతో మాట్లాడుకోవడం వినబడుతూనే ఉంది. రెండో వరస చివర ఒకటి అదనంగా వస్తోంది. పచ్చగడి. మిగతావాటికంటే మసక. ఎండకు కాగిన రాయి అయ్యుంటుంది, అన్నారెవరో. ఈరోజు ఎండ ఎక్కడిది, అని ఆమె మనసులో అనుకుంది. అనుకుని, అరచేతులు రెండూ చంకల్లో పెట్టుకుని బాయిలరు ముందు కూర్చుంది.

షెడ్డు లెక్క తప్పదు, మిషనే ఎక్కువ చూస్తోంది, చూపు కాస్త తగ్గించండి, అన్నాడు సారు. మసకవాటిని లెక్కలోంచి తీసేయమన్నాడు.

రెండో చుట్టులో ఇరవై నాలుగు వచ్చింది. మూడో చుట్టులోనూ ఇరవై నాలుగే. నాలుగోదాంట్లో పదహారు ఎర్రగడులు, ఎనిమిది పచ్చవి, ఒక్కటీ తప్పలేదు. ఎవరో చప్పట్లు కొట్టారు. పైలటు కృతజ్ఞతలు చెప్పాడు. సారు ఆమెను కూడా మెచ్చుకున్నాడు, షెడ్డు లెక్కంటే లెక్కే అని. పద్దెనిమిదేళ్లలో రేడియోలో ఆమెను మెచ్చుకోవడం అదే మొదలు. అతను విని ఉంటాడు అనుకుని ఆమెకు కాస్త సంతోషం వేసింది.

పదకొండున్నరకు సైరను మోగింది. డ్రైవరు రెండు గ్లాసులు పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు.

"బావేడక్కా? టీకి రాలేదేం? నీ దగ్గర చలి కాచుకుంటున్నాడనుకున్నా."

ఆమె అతని మొహం చూసింది. అతని వెనక గుమ్మం చూసింది. గ్లాసులు అతని చేతిలోంచి ఆమే తీసుకుని, ఒలకకుండా బల్ల మీద పెట్టింది. తర్వాత ఇద్దరూ జీపు వైపు పరుగెత్తారు.

రెండో వరస చివర, ఒళ్లో మూటలున్న బొమ్మల పక్కన, ఆఖరి గుంజకు వీపు ఆనించి అతను కూర్చుని ఉన్నాడు. కాళ్లు చాపుకున్నాడు. గడ్డం రొమ్ముకు తగిలి ఉంది. రేడియో తొడ పక్కన గడ్డిలో పడి ఉంది. అందులోంచి సారు మధ్యాహ్నం చుట్టుకు వేళలు చెబుతున్నాడు.

ఆమె పక్కన మోకరించి, చేతి వెనక భాగం అతని నుదుటికి ఆనించింది. గాలికి నుదురు చల్లటి ఇనుములా ఉంది. చొక్కా పై బొత్తాం విప్పి, చెయ్యి చంకలోకి పోనిచ్చింది. అక్కడ ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆ వేడి ఎంతో ఆమె చేతికి తెలుసు. ఎంతసేపటి క్రితం చల్లారడం మొదలుపెట్టిందో కూడా తెలుసు. సారు ఎన్ని నింపావని అడిగినప్పుడు, ఇరవై నాలుగే అని ఆమె చెప్పినప్పుడు, ఈ చంక మనిషి వేడితోనే ఉంది. రేడియో పక్కనే ఉంది.

డ్రైవరు బావా బావా అంటూ భుజం కుదిపాడు. తర్వాత కుదపడం మానేసి, నెత్తిన చేతులు పెట్టుకుని వరసగా నిలబడ్డ బొమ్మల్ని చూస్తూ ఉండిపోయాడు.

లెక్కగది సారు పరుగున వచ్చాడు. వగరుస్తూ, ఏమైందని కూడా అడగకుండా, వరస చివరి నుంచి మొదటికీ, మొదటి నుంచి చివరికీ చూశాడు. ఆయన పెదవులు లెక్కపెడుతున్నట్టు కదిలాయి.

"అది కనిపెట్టింది సార్," అంది ఆమె. "నేనే లేదన్నాను."

ముగ్గురూ కలిసి అతన్ని ఎత్తి జీపులో పడుకోబెట్టారు. అతని తల ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చుంది. ఆసుపత్రి ఎటువైపని డ్రైవరు అడిగాడు. అతనికి తెలియక కాదు. ఆమె చెయ్యి ఎత్తి గేటు వైపు చూపించింది. గతుకులు రాకుండా జీపు చాలా మెల్లగా కదిలింది. అంత మెల్లగా వెళ్లాల్సిన పనిలేదని ఎవరూ అతనికి చెప్పలేదు.

అతను కూర్చున్న చోట గడ్డి అణిగి ఉంది. దాని ముందు, ఏ బొమ్మను ఎక్కడ కట్టిందీ రాసే పటం నేలమీద పరిచి ఉంది. ఇరవై నాలుగు చుక్కలూ పెన్సిలుతో గుండ్రంగా పెట్టి ఉన్నాయి. గాలికి ఎగిరిపోకుండా మూడు మూలల మీద మూడు రాళ్లు ఉంచాడు. నాలుగో మూల లేస్తూ, పడుతూ ఉంది.