తెర అడిగిన ప్రశ్న

తెర మీద ముల్లా అడిగిన ప్రశ్నకి మా హాల్లో జనం జవాబు చెప్పేశారు.

సినిమాలో శవాన్ని ముందు పెట్టుకుని ముల్లా "ఈ మనిషి ఎలాంటివాడు?" అని అడిగాడు. మా కొండల్లో ఆ ప్రశ్న చెవిన పడితే నోరు ఆగదు. ఎవరి గుమ్మం ముందైనా సరే, "మంచివాడు" అని పదిమందీ అన్నాకే మట్టికి తీసుకెళ్తారు. చిన్నప్పటి నుంచీ అలవాటైపోయింది. హాల్లో ఉన్న ముసలాళ్లంతా తెల్ల ఉన్ని టోపీలు సర్దుకుని, ఒక్క గొంతుతో "మంచివాడు, మంచివాడు" అనేశారు. ఆ తర్వాత తాము బొమ్మకి జవాబిచ్చామని తెలిసి కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు.

నాకు నవ్వు రాలేదు. మూడో వరసలో మా నాన్న సతార్‌కుల్ నోరు విప్పలేదు. అటూ ఇటూ కూర్చున్నవాళ్లు అది గమనించారు. నేను గమనించానని నాన్న కూడా గమనించాడు.

నరీన్ నదికి ఎగువన ఉన్న మా చిన్న ఊళ్లో సాంస్కృతిక భవనం నా చేతిలో ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక ఒక సినిమా వేస్తాను. తర్వాత టీ, వేయించిన రొట్టె ముక్కలు, వాటితో పాటు వాదన. టీ కోసం వచ్చేవాళ్లే ఎక్కువని తెలుసు, నేనేం అనుకోను. కానీ ఆ రోజు ఆ సినిమా నేను కావాలనే వేశాను. సైకల్ అనే ఈ కూతురు తండ్రికి పాఠం చెప్పబోయిందని ఊరు అనుకుంటే అనుకోనీ.

మా వీధి చివర పెదనాన్న ఓముర్జాక్ పోతున్నాడు. మాలో పోయే మనిషి ఊరందరినీ పిలిపించుకుని, నా వల్ల తప్పేమైనా జరిగితే మనసులో పెట్టుకోకు అని అడుగుతాడు. వచ్చినవాళ్లు ఏమీ లేదు, నిశ్చింతగా వెళ్లు అంటారు. అందరూ వెళ్లొచ్చారు. ఆయనతో గొడ్డూగోదా విషయంలో జుట్టూజుట్టూ పట్టుకున్నవాళ్లు కూడా వెళ్లొచ్చారు. మిగిలింది ఒక్క నాన్న. తమ్ముడి మాట వినకుండా నా ప్రాణం పోదని పెదనాన్న అంటున్నాడట. ఆ ఉదయం పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

పెదనాన్న మీద జాలి ఉండి నేనా సినిమా వెయ్యలేదు. ఆయన లారీ కనుమ దగ్గర బోల్తా పడినప్పుడు పక్కన ఉన్నది నా తమ్ముడు కుబాత్. వాడికి అప్పుడప్పుడే మీసాలు వస్తున్నాయి. వాడు చచ్చిపోయాడు, ఈయన బతికాడు. బతికినవాడు పోలీసులకి, కుర్రాడే తాగి బండి నడిపాడని చెప్పాడు. లారీ తాళాలంటే చావనైనా చస్తాను గానీ ఇంకొకరికి ఇవ్వనని గొప్పలు చెప్పుకున్న మనిషి. ఊరు మాత్రం నమ్మింది. నేను ఆయన్ని క్షమించలేదు. కానీ ఆ ద్వేషం మోసి మోసి నాన్న గొడ్డలి పెట్టు తిన్న చెట్టులా ఒక పక్కకి వాలిపోయాడు. అది నేను చూడలేకపోయాను.

సినిమా కూడా ఇద్దరు అన్నదమ్ముల కథే. అన్న తమ్ముడి మందని తోలుకుపోయి పెద్దవాడవుతాడు, చివరికి పోతాడు. తమ్ముడు శవం దగ్గరకి వస్తాడు. ముల్లా ప్రశ్న అడుగుతాడు, జనం మంచివాడంటారు. కెమెరా తమ్ముడి ముఖం మీదికి వస్తుంది. పెదాలు కదులుతాయి. గాలి హోరు తప్ప ఏమీ వినపడదు. తెర నల్లబడుతుంది. అంతే, సినిమా అయిపోయింది.

టీ పోస్తుండగానే వాదన మొదలైంది. పెదాలు కదిలాయంటే మంచివాడనే అన్నాడని మా ముల్లా అసన్‌కుల్ తేల్చేశాడు. ఎదుటి మనిషి గురించి తెలియనప్పుడు మంచిగానే అనుకోవాలని దేవుడు చెప్పాడన్నాడు. రిటైరైన టీచరమ్మ బురుల్ ఊరుకోలేదు. చెప్పి ఉంటే వినిపించేవాళ్లే, కడుపు కాలినవాడు అబద్ధం చెప్పడం ఏ ధర్మం అని నిలదీసింది. అది సౌండు పాడైన కాపీ అయి ఉంటుందని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు లేచాయి. ఆ నవ్వుల మధ్యలో నాన్న గిన్నె కింద పెట్టాడు.

"పెదాలు ఆడితే మాటైపోతుందా, ముల్లా గారూ?"

ముల్లా గిన్నె పట్టుకునే నాన్న వైపు తిరిగాడు.

"నా కొడుకుని గుమ్మం ముందు పడుకోబెట్టి నేనూ అడిగాను, నా కొడుకు ఎలాంటివాడని. మీరంతా అక్కడే ఉన్నారు. మంచివాడన్నారు, కాదనను. కానీ అనే ముందు ఆగారు. ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకున్నారు. ఇందాక బొమ్మకి ఆగకుండా చెప్పారే, నా బిడ్డకి ఎందుకు ఆగారు?"

ముల్లా తల దించుకున్నాడు. బురుల్ టీచర్ కళ్లు తుడుచుకుంది. నాకు ఇన్నేళ్లుగా అర్థం కానిది అప్పుడు అర్థమైంది. నాన్నని తినేస్తున్నది అన్న చెప్పిన అబద్ధం కన్నా, ఊరు ఆగిన ఆ ఒక్క క్షణం.

అప్పుడే పెదనాన్న కోడలు జైనెప్ రొప్పుకుంటూ తలుపు తోసుకుని వచ్చింది. మావయ్యకి మాట పడిపోతోంది, రండి అంది. అందరూ నాన్న వైపు చూశారు. ఆయన కదల్లేదు. గిన్నెలో మిగిలిన టీ తాగుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నీకు దండం పెడతా నాన్నా, లే. ఆయన పోయాక ఎవర్ని అడుగుతావ్?"

"నేను చెప్పడానికి రాను. వాడు చెప్తే వినడానికి వస్తా."

"సరే, అదే విను. ముందు లే."

లేచాడు. హాల్లో సగం మంది మా వెనకే వచ్చారు. నాన్న ఎంత నెమ్మదిగా నడిచాడంటే, వెనక నుంచి తొయ్యాలనిపించింది.

పెదనాన్న గోడ పక్కన పరుపు మీద ఉన్నాడు. ఆ బండ మనిషి గుప్పెడంత అయిపోయాడు. మమ్మల్ని దాటుకుని ముందే వచ్చిన ముల్లా తలగడ దగ్గర కూర్చుని, చెంచాతో నీళ్లు పోసి పెదాలు తడుపుతున్నాడు. నాన్న టోపీ తియ్యలేదు, కూర్చోలేదు.

"అన్నా, బండి ఎవరు నడిపారు?"

పెదనాన్న కళ్లు తెరిచాడు. పెదాలు కదిలాయి. ఏమీ వినపడలేదు. నాన్న మళ్లీ అడిగాడు. మళ్లీ పెదాలు కదిలాయి, గొంతులో గురక తప్ప ఏమీ రాలేదు. పెదాలు ఆడితే మాటా అని ఇందాకే ఊరందరి ముందూ అడిగిన మనిషి ఈయన. ఇప్పుడు తిరిగి వెళ్లిపోతే ఆపగలిగేవాళ్లు లేరు.

నాన్న మోకాళ్ల మీద కూర్చున్నాడు. అన్న నోటి దగ్గర చెవి పెట్టాడు. అలా చాలాసేపు ఉండిపోయాడు. పెదనాన్న చెయ్యి తడుముకుంటూ వచ్చి నాన్న కోటు పట్టుకుంది. నాన్న తలెత్తినప్పుడు ఆయన ముఖం నేను ఎప్పుడూ చూడనిదిలా ఉంది.

"విన్నారా? బండి తనే నడిపానంటున్నాడు. తాగింది తనేనట. కుబాత్ తప్పు లేదట."

నాన్న తర్వాత ఆ నోటికి అందరికన్నా దగ్గరగా ఉన్నది ముల్లా చెవి. ఆయన చేతిలో చెంచా అలాగే ఆగిపోయింది. ఆయన నాన్న వైపు చూశాడు. నాన్న కూడా ఆయన వైపు చూశాడు. నాన్న ఎవర్నీ బతిమాలగా నేను చూడలేదు, ఆ చూపులో చూశాను.

"విన్నాను" అన్నాడు ముల్లా. అందరికీ వినపడేలా అన్నాడు.

నాన్న అన్న చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నా మనసులో ఇంకేమీ లేదన్నా. నిశ్చింతగా వెళ్లు."

పెదనాన్న కళ్ల వెంట నీళ్లు కారాయి. ఔనని కారాయో, నేను అలా అనలేదురా అని కారాయో నాకు తెలియదు. వాకిట్లోకి వచ్చాక నేను ముల్లాని పట్టుకున్నాను. మీకు నిజంగా వినపడిందా అని అడిగాను.

"మంచిగా అనుకోవాలని హాల్లోనే చెప్పాను కదమ్మా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

పెదనాన్న తెల్లవారకముందే పోయాడు. మట్టి రోజున వాకిట్లో వేసిన గుడారంలో, మా ఆనవాయితీ ప్రకారం గోడకి తిరిగి, మిగతా ఆడవాళ్లతో కలిసి నేనూ ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. బయట ముల్లా అడిగాడు, ఓముర్జాక్ ఎలాంటివాడని. అందరికన్నా ముందు వినపడిన గొంతు మా నాన్నది.

మగవాళ్లు శవాన్ని తీసుకుని ఇంటి వెనక గుట్ట మీదికి వెళ్లారు. మాలో ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు. గిన్నెలు కడుగుతూ వాకిట్లో ఉన్నాను. గుట్ట మీద కుబాత్ సమాధి పెదనాన్న గొయ్యికి పక్కనే. మట్టి పోసిన చప్పుడు ఆగాక, అందరూ దిగి రావాల్సిన వేళ, ఎవరూ దిగలేదు. గాలి మా వైపే వీస్తోంది. నాన్న గొంతు స్పష్టంగా వినపడింది.

"నా కొడుకు కుబాత్ ఎలాంటివాడు?"

ఈసారి ఎవరూ ఆగలేదు.