బిగిసిన పాదం

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవిలో, కళింగపట్నం ఒడ్డున పడవను ఇసుక మీదికి లాగుతుండగా కొండబాబు తాడు వదిలేశాడు. పడవ వెనక్కి జారి, దాన్ని భుజంతో నెడుతున్న జోగయ్య కుడిపాదం మీదికెక్కింది.

"చూసుకోకుండా కాలెట్టేసినాడు," అని కొండబాబు ఒడ్డంతా చెప్పాడు. పడవ అతనిదే. జోగయ్య భార్య అసిరమ్మకు అతను సొంత అన్న.

ఊళ్లో కట్టిన వెదురుబద్దల కట్టు విప్పేసరికి ఎముక అతుక్కుంది గాని పాదం చెక్కలా బిగుసుకుపోయింది. మడమ నేలకానిస్తే మోకాలు ముందుకు వంగదు. వేళ్లు ఇసుకను పట్టవు. ఇక ఊగే పడవలో ఏం నిలబడతాడు?

"వలలు బాగుసేసుకుంటూ కూకో బావా," అన్నాడు కొండబాబు. జోగయ్య చేతిలోని వల విసిరికొట్టాడు.

అసిరమ్మ అతన్ని బస్సెక్కించి శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు పాదాన్ని పైకీ కిందికీ వంచి చూశాడు.

"ఎముక బాగానే ఉంది. ఇన్నాళ్లూ కదపకపోవడంతో కీలు బిగిసింది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, వేళ్లకు గుడ్డ తగిలించి మెల్లగా నీ వైపు లాక్కో. కాస్త లాగినట్టు నొప్పిగా ఉంటుంది, దానికి భయపడకు. మర్నాటికి వాస్తే మాత్రం తగ్గించు. నెలలు పడుతుంది. పూర్తిగా రాకపోవచ్చు కూడా."

ఇంట్లో గుడ్డ లాగేది అసిరమ్మే. నొప్పి పుట్టినప్పుడల్లా జోగయ్య ఆమెనీ, ఆమె అన్ననీ, పుట్టింటివాళ్లందరినీ తిట్టేవాడు. ఒక పొద్దున చన్నీళ్లు కలపక ముందే గిన్నెను తన్నేశాడు. మరిగిన నీళ్లు ఆమె మణికట్టు మీద పడ్డాయి.

"మా అన్న మీద కోపం నా మీద సూపిస్తన్నావేటి?" అంది అసిరమ్మ. "తాడు నాను వొదల్నేదు. ఈ కాలు నీది. లాక్కుంటే లాక్కో, నేకపోతే మానీ."

గుడ్డ అతని ఒళ్లో పడేసి, చేపల గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

జోగయ్యకు తన మీద తనకే ఒళ్లు మండింది. ఆ మంటలో గుడ్డను ఇష్టమొచ్చినట్టు లాగాడు. మర్నాటికి పాదం వాచి అడుగు పడలేదు. డాక్టరు మాట గుర్తొచ్చి జోరు తగ్గించాడు గాని మానలేదు. తడి ఇసుకలో నడిచాడు. వానలు తగ్గేసరికి మోకాలు ముందుకు వంగింది. బొటనవేలికి మాత్రం పట్టు రాలేదు.

కొండబాబు వచ్చాడు. "నడుస్తన్నావు కదా బావా. రేపట్నుంచి పడవెక్కు."

"తాడెందుకొదిలేసినావు?"

"సెయ్యి జారిపోనాది."

"జారితే జారింది. ఆ మాట ఆ దినమే సెప్పుంటే నీ పడవే ఎక్కుదును. నీ తప్పు తెచ్చి నా కాలి మీదెట్టినావు."

జోగయ్య అదే ఒడ్డున వేటాడే ఎర్రన్న పడవలో చేరాడు. నిలబడలేనని, కూర్చుని తెడ్డేస్తానని చెప్పుకోవలసి వచ్చింది. ఒకప్పుడు వెనక నిలబడి పడవ నడిపినవాడు.

వేటకెళ్లిన తొలిరోజు సాయంత్రానికి పాదం మళ్లీ బిగిసింది. అసిరమ్మ వేడినీళ్లు తెచ్చి, చన్నీళ్లు కలిపి, ముందు తన చెయ్యి పెట్టి చూసి అతని ముందుకు జరిపింది.

"మా అన్నతో మాటాడవా?"

"మాటాడను."

"నాను మాటాడతాను. ఆడు నాకు అన్న."

"మాటాడు. నిన్నెవులు ఆపినారు?" అని జోగయ్య పాదం నీళ్లలో పెట్టాడు.