మా బావ పిడికిలి

నేను చెప్పే వాటిలో సగం జరిగినవి, సగం జరగాల్సినవి. ఈ సంగతి టామరాక్ ఫాల్స్‌లో పాస్టరుగారి దగ్గర్నుంచి పాలవాడి దాకా అందరికీ తెలుసు. ఏది ఏ సగమో అడిగితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. ఈ కథలో నేను కలిపింది తక్కువ. కలపడానికి చోటు దొరకలేదు.

ఆంబ్రోస్ నాకు బావ, కాలం చేసిన మా అక్క లోర్నా మొగుడు. మా ఊళ్లో బౌలింగ్ శాల ఉన్నన్నాళ్లూ, అంటే నలభై ఒక్క ఏళ్లు, ప్రతి గురువారం సాయంత్రం అక్కడ బంతి విసిరిన మనిషి. ఒకసారి అతను విసిరిన విసురుకి, ఎదర నిలబెట్టిన పది కర్రపిన్నుల్లో ఒకటి వెనకగోడలోంచి దూసుకుపోయి, బయట ఆగివున్న పాలవ్యానులో పడింది. డ్రైవరు చూసుకోకుండా గ్రీన్‌బే దాకా పోయాడు. మర్నాడు దాన్ని తెచ్చి, వెన్న తుడిచి మరీ ఇచ్చాడు. నేనూ వెళ్లేవాణ్ణి గురువారాలు. నేను వెళ్లేది బీరుకీ, వేయించిన చీజు ముక్కలకీ. నా బంతి ఎప్పుడూ పిన్నుల దాకా పోకుండా పక్క కాలవలోనే నడిచేది. అందుకు నేనేనాడూ బాధపడలేదు. ఆ మాటంటే బావకి నా మీద అసహ్యం. "ఆట ఆడితే ఆడు, లేకపోతే గోలీలాడుకో" అనేవాడు.

ఎనభయ్యో ఏట, అక్టోబరు నెలలో, బావకి పక్షవాతం వచ్చింది. కాలు కొంచెం తేరుకుంది. మాట తిరిగి వచ్చింది, అదీ మునుపటికంటే పుల్లగా. కుడిచెయ్యి మాత్రం పిడికిలి పట్టేసింది. నాలుగు వేళ్లూ లోపలికి మడుచుకుని, బొటనవేలు పైన తాళం వేసినట్టు కూర్చుంది. ఎవరైనా పట్టి విప్పితే విచ్చుకుంటుంది. వదిలితే మళ్లీ ముడుచుకుంటుంది. తనంతట తాను విప్పలేడు.

మేమిద్దరం ఉండే ముసలివాళ్ల హోమ్‌లో రెండు భవనాలు. ఇవతలి దాంట్లో ఎవరి గది వాళ్లది, ఎవరి కాఫీ వాళ్లది. నా గదీ బావ గదీ పక్కపక్కన. మధ్య గోడ మీద అతను చేత్తో కొడితే నేను పేకముక్కలు పట్టుకుని వెళ్లాలి. అవతలి భవనంలో ఒళ్లు తుడవడానికి ఒకరు, అన్నం పెట్టడానికి ఒకరు. మధ్యలో ఉన్న గాజు తలుపు మనకి తెరుచుకోదు. నర్సమ్మ మీట నొక్కితేనే తెరుచుకుంటుంది. అవతలికి వెళ్లినవాళ్లు ఇవతలికి రావడం నా ఎరుకలో లేదు. పెద్ద నర్సు జోయాన్ మంచి మనిషే, కాని నియమం నియమమే. ఇవతల ఉండాలంటే వాకరు పిడిని రెండు చేతులా పట్టుకుని నడిచి, పిడి వదిలి, తలుపు తియ్యగలగాలి. ఈస్టరు లోపల అది చెయ్యలేకపోతే బావ గాజు తలుపు దాటాల్సిందే. ఆవిడ ఈ మాట చెప్పింది జనవరి నెలలో. చలికి మాటలు గడ్డకట్టి నేలమీద పడుతుంటే, ఏరుకుని లోపలికి తెచ్చి పొయ్యిదగ్గర పెట్టి వినేవాళ్లం.

హోమ్ హాల్లో పెద్ద టీవీ, దాని పక్కన తెల్లగా, రొట్టెపెట్టె అంత కూడా లేని ఆటపెట్టె ఒకటి ఉండేది. ఎవరో దానమిచ్చారు. చేతిలో రిమోట్ పట్టుకుని, వెనకాల మీట నొక్కి ఉంచి, బంతి విసిరినట్టు చెయ్యి ఊపి, కిందికి వచ్చినప్పుడు మీట వదిలితే చాలు, టీవీలో బొమ్మమనిషి బౌలింగ్ బంతి విసురుతాడు. దానికి మహారాణి హల్డా. వయసు ఎనభై ఎనిమిది. కుర్చీలో కూర్చుని, ఒళ్లో అల్లిక పెట్టుకుని, మణికట్టు ఒక్కటి ఆడించి మూడువందలకి రెండువందల యాభై కొట్టేది.

గోడమీద హల్డా పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించింది. రిమోట్ తాడు మణికట్టుకి కట్టుకోవాలి, వదలకూడదు అని. దానికి కారణముంది. మా ఊరి ముసలివాళ్లందరూ నిజం బంతులు విసిరినవాళ్లు. చెయ్యి కిందికి వచ్చి ముందుకి పోగానే వేళ్లు వాటంతటవే వదిలేస్తాయి. మొదటి వారంలో ఒక రిమోట్ చేపల పులుసులో తేలింది. ఇంకొకటి పాస్టరుగారి నుదుటిని దీవించింది.

బావ ఆ పక్కకి తొంగి చూడలేదు. "అది బౌలింగు కాదు. దోమలు తోలుకోవడం" అన్నాడు.

బావ మనవరాలు బ్రిటా. ఇరవైనాలుగేళ్లు. చీజు ఫ్యాక్టరీలో పని. తల్లిదండ్రులు వేరే ఊళ్లో ఉంటారు గనక తాతని చూసుకునేది ఆ పిల్లే. పని లేనప్పుడు ఇంట్లో ఒక నల్లపెట్టె ముందు కూర్చుని వీడియో గేములు ఆడుతుంది. ఎలాంటి గేములంటే, ఒక రాక్షసుడి చేతిలో డెబ్బయిసార్లు చచ్చి, డెబ్బయి ఒకటోసారి వాణ్ణి చంపి, ఆ సంతోషంతో పదిరోజులు బతికే గేములు. తెల్లపెట్టెని చూసి ఆ పిల్ల తాతకంటే ఎక్కువ మూతి ముడిచింది. అది గేమ్ కాదట, పళ్లడాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు తిరగేసే పుస్తకమట. ఒకరు బౌలింగుకి మడి కట్టుకున్నారు, ఒకరు గేములకి మడి కట్టుకున్నారు. ఇద్దరికీ ఆ తెల్లపెట్టె అంటు.

వేళ్లకి కసరత్తు అవుతుందని ఆదివారం నాడు బ్రిటా తన నల్లపెట్టెని తాత గదికి మోసుకొచ్చింది. దాని కంట్రోలరుకి పదహారు మీటలు, రెండు చిన్న కర్రలు. రెండు చేతులూ, పది వేళ్లూ కావాలి. బావ దాన్ని ఒళ్లో పెట్టుకుని చూశాడు. పిడికిలిని దానిమీద ఆనించాడు. తెరమీద కత్తి పట్టుకున్న వీరుడు గోడకేసి నడిచి, అక్కడే కాళ్లాడిస్తూ నిలబడ్డాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు. బావ కంట్రోలరుని పక్కన పెట్టి, కిటికీలోంచి మంచు చూడటం మొదలుపెట్టాడు.

బ్రిటా వసారాలోకి వచ్చి గోడకి ఆనుకుంది. ఏడవలేదు గాని ముక్కు ఎర్రబడింది. నేను పక్కన చేరి, తెల్లపెట్టెకి ఒక్క చెయ్యి చాలు కదా అన్నాను. తాత ముట్టుకోడు, తనూ ముట్టుకోదు అంది.

"నిజమేలే అమ్మడూ, ముట్టుకోకు" అన్నాను. "హల్డా చేతిలో ఓడిపోతే ఫ్యాక్టరీలో తలెత్తుకోలేవు."

"ఎవరు, ఆ అల్లికల మామ్మా?"

"అల్లిక పక్కన పెట్టకుండానే ఓడిస్తుంది."

పది నిమిషాల్లో ఆ పిల్ల హాల్లో ఉంది. హల్డాకి రెండువందల యాభై ఎనిమిది వచ్చాయి. బ్రిటాకి నూట ముప్ఫయి. హల్డా మేజోడు మడమ మలుపు తిప్పుకుంటూ, బాగానే ఆడావు తల్లీ, మొదటిసారి కదా అని ఓదార్చింది. ఆ ఓదార్పు కత్తికంటే లోతుగా దిగింది. మర్నాడు బ్రిటా ఫ్యాక్టరీ నుంచి తెల్లటోపీతోనే వచ్చేసింది. మళ్లీ ఓడింది. మూడోరోజూ ఓడింది.

ఈ వార్తని నేను బావకి ఎలా మోసుంటానో మీరే ఊహించుకోండి. హల్డా నిజం బౌలింగ్ శాలలో ఏడేళ్ల పిల్లలు విసిరే తేలిక బంతి విసిరేది. దానిమీద పువ్వులు కూడా ఉండేవి. అలాంటి హల్డా చేతిలో తన రక్తం మూడురోజులుగా ఓడిపోతోందని వినేసరికి బావ చక్రాల కుర్చీ అడిగాడు. సాయం చెయ్యడానికి కాదట, తప్పెక్కడుందో చూడటానికట.

హాల్లో ఒక మూల కూర్చుని రెండు ఆటలు చూశాడు. మూడోదానికి ఆగలేకపోయాడు. "తోస్తున్నావు. తొయ్యడానికి అదేమన్నా తోపుడుబండా? భుజంలోంచి వదులు. చెయ్యి గడియారం లోలకంలా రావాలి" అన్నాడు. బ్రిటా అలా చేసింది. తొమ్మిది పిన్నులు పడ్డాయి. ఇంకోసారి చేసింది. పదీ పడ్డాయి.

"నువ్వొకసారి చూపించు తాతా" అంది, రిమోట్ చాపి.

హాల్లో అల్లిక సూదుల చప్పుడు ఆగిపోయింది. నేను నా జోళ్లు చూసుకున్నాను.

బావ పిడికిలి చాపాడు. బ్రిటా ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పి రిమోట్ ఇరికించింది. వేళ్లు దానిమీద మూసుకున్నాయి. తాడు తగిలించబోతే వద్దన్నాడు. దూడనా కట్టెయ్యడానికి అన్నాడు. కట్టక్కర్లేదని అందరికీ తెలుసు. ఆ పిడికిలిని మించిన తాడు ఏముంది?

ఎడమచెయ్యి మనవరాలి భుజం మీద వేసి నిలబడ్డాడు. చెయ్యి ఊపాడు. ఊపు అందంగా ఉంది. కాని మీట వదిలితేనే కదా బంతి పోయేది, వేలు వదలదు. టీవీలో బొమ్మమనిషి బంతి పట్టుకునే ఊగాడు. మళ్లీ ఊగాడు. ఇరవైసార్లు ఊగాడు. బావ ముఖం చెమటతో తడిసింది. ఇంక చాలన్నాడు.

ఇక్కడే బ్రిటా గుణం బయటపడింది. అయ్యో అనలేదు. ఓదార్చలేదు. జేబులోంచి కాగితం తీసి 'ఇరవై' అని రాసుకుంది. "నా రాక్షసుడికి డెబ్బయి పట్టింది. రేపు ఇరవై ఒకటి నుంచి మొదలు" అంది.

బావ ఆ కాగితం కేసి చూసి, "రేపు తొందరగా రా" అన్నాడు.

రోజూ సాయంత్రం నాలుగింటికి హాలు వాళ్లది. హల్డా తన పోటీ ఆటని మధ్యాహ్నానికి మార్చుకుంది. జనవరి పోయింది. ఫిబ్రవరి పోయింది. బ్రిటా తాత వేళ్లని వేడినీళ్లలో నానబెట్టించింది, ఊపిరి ఎప్పుడు వదలాలో లెక్కపెట్టించింది, ఊపుకి ముందు నిజం శాలలో చేసినట్టే చెయ్యి తుడుచుకోమంది. కాగితం మీద లెక్క రెండువందలు దాటింది. ఐదువందలు దాటింది. నేను నోరు కట్టేసుకుని ఒక్క జోకూ వెయ్యలేదు. నాకు అంతకంటే పెద్ద కసరత్తు లేదు.

ఒకరోజు బావ తన గదికి వెళ్లిపోయాక, బ్రిటా కోటు తొడుక్కుంటూ నాతో అంది. "ఎల్రాయ్ తాతా, ఇంత కష్టమైన గేమ్ నేనెక్కడా చూళ్లేదు."

దీన్నే కదా పళ్లడాక్టరు పుస్తకం అన్నావు అని గుర్తుచేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

మార్చి రెండోవారం గురువారం. కాగితం మీద అంకె ఎనిమిదివందల పధ్నాలుగు. బావ చెయ్యి తుడుచుకున్నాడు, మనవరాలి భుజం పట్టుకున్నాడు, చెయ్యి వెనక్కి తీసుకెళ్లాడు. ఆ సమయంలో వంటింట్లో ఎవరో బాణలి కింద పడేశారు. ఖణేల్‌మని, అచ్చు బౌలింగ్ శాలలో పక్క లేనులో పదిపిన్నులూ ఒక్కసారి కూలిన చప్పుడు. బావ అటు చూడలేదు. ఏ బౌలరూ చూడడు. చెయ్యి కిందికి వచ్చింది, ముందుకి పోయింది, వేళ్లు విచ్చుకున్నాయి.

రిమోట్ హాలు పొడుగునా ఎగిరింది. నేను రోజూ చెప్పే లెక్కలో అది రెండు మైళ్లు. సరిగ్గా టీవీ నడుమ తగిలి, తెర సాలెగూడులా పగిలి నల్లబడింది.

అందరం చాచిన ఆ చేతినే చూస్తున్నాం. ఐదు వేళ్లూ విడివిడిగా, గాలిలో ఉన్నాయి. బావ దాన్ని పరాయివాళ్ల చెయ్యి చూసినట్టు చూశాడు. మెల్లగా మూశాడు. మళ్లీ ఊపాడు. తెరుచుకుంది.

"పిన్నులెన్ని పడ్డాయి?" అన్నాడు.

"తెలీదు తాతా, టీవీ చచ్చిపోయింది" అంది బ్రిటా. అప్పుడు ఏడ్చింది. హల్డా ముందుగా టీవీ కోసం నిట్టూర్చి, తర్వాత సూదులు పక్కన పెట్టింది. హోమ్‌లో చేరినప్పట్నుంచీ ఆవిడ సూదులు పక్కన పెట్టడం అదే మొదలు.

పరీక్ష ఈస్టరు ముందు మంగళవారం జరిగింది. ఒక చిక్కుంది. బావ చెయ్యి ఊపితేగాని తెరుచుకోదు. వాకరు పట్టుకుని నడిచాడు, తలుపు దగ్గర ఆగాడు. పిడి వదలాలి. జోయాన్ కాగితాల పలక పట్టుకుని చూస్తోంది. బావ ఎడమచెయ్యి వాకరు మీద ఆనించి, కుడిభుజాన్ని పిసరంత వెనక్కీ ముందుకీ ఆడించాడు. వేళ్లు విడిపడ్డాయి. తలుపు గుండు పట్టుకుని తిప్పాడు. తలుపు తెరుచుకుంది. మళ్లీ భుజం ఆడించాడు. గుండూ వదిలాడు.

భుజం ఎందుకు ఆడిస్తున్నారని జోయాన్ అడిగింది.

"బౌలింగ్ చేసినవాళ్లం తలుపు ఇలాగే తీస్తామమ్మా" అన్నాను నేను, వసారాలోంచి.

ఆవిడ నా ముఖం చూసింది, బావ చెయ్యి చూసింది. నా మాట నమ్మిందని అనుకోను. కాని తెరిచిన తలుపు తెరిచిన తలుపే. కాగితం మీద సరేనని గీత గీసి, మూడునెలలకి మళ్లీ చూస్తానని వెళ్లిపోయింది. జూన్‌లో చూసింది. ఆ తర్వాత చూడటం మానేసింది.

ఈస్టరు వెళ్లాక, ఏప్రిల్‌లో చెరువు మీద మంచు విరిగిన వారం, బ్రిటా నల్లపెట్టెని మళ్లీ తాత గదికి తెచ్చింది. ఇద్దరూ మంచం అంచున ఆనుకుని కూర్చున్నారు. ఒకటే కంట్రోలరు. ఎడమ సగం ఆ పిల్ల ఎడమచేతిలో, కుడి సగం బావ కుడిచేతిలో. నడక ఆమెది, కత్తి అతనిది. ఆమె పరిగెత్తిన తర్వాత అతను కొడతాడు. అతను కొట్టేలోపల రాక్షసుడు ఇద్దర్నీ కలిపి మింగుతాడు.

"మళ్లీ లేటు తాతా."

"నువ్వే తొందరపడ్డావు. భుజంలోంచి రావాలి."

"గేములో భుజం ఉండదు."

"అందుకే చస్తున్నాం."

అరవై రెండుసార్లు చచ్చారు. చచ్చిన ప్రతిసారీ బావ ఇంకోటి అన్నాడు. ఇంత చచ్చే ఆట ఎందుకు, హాయిగా కొత్త టీవీ దగ్గరికి పోయి హల్డాతో పిన్నులు పడగొట్టుకోవచ్చు కదా అని నేను సలహా ఇచ్చాను. ఇద్దరూ ఒక్కసారే నన్ను నోరు ముయ్యమన్నారు. మూసుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. భోజనం గంట కొట్టినా లేవలేదు. నా గది పక్కనే కదా, ఎప్పుడైనా పోవచ్చు.