నాన్న చేతికి అందే హోల్డరు

తెల్లారి ఐదున్నరకి సాయిదుర్గ వసారాలోంచి గేర్ల సైకిలు కిందికి దింపేసరికి వాళ్ల నాన్న సత్యప్రసాద్ అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉండేవాడు. ఆమె సైకిలు కాస్త వంచి పట్టుకుంటే, ముందు బారు మీద పక్కకి తిరిగి, కాళ్లు ఎడంవైపు వేలాడేసుకుని సర్దుకునేవాడు.

"ఆయన తల మీద తువ్వాలు కప్పవే, తిరిగొచ్చేసరికి ఎండెక్కుద్ది" అని లోపల్నుంచి తల్లి వీరవేణి కేకేసేది.

కిందటేడు మే నెలలో సత్యప్రసాద్‌ని రొయ్యల చెరువు గట్టు మీద నరికేశారు. పన్నెండో రోజు భోజనాలయ్యాక, చుట్టాలు విస్తళ్లు ఎత్తేస్తున్న వేళ, ఆయన గేటు తీసుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కుడిచెయ్యి మణికట్టు నుంచి లేదు. మెడ మీద గాటు అలాగే నోరు తెరుచుకుని ఉంది గాని రక్తం కారడం లేదు. వీరవేణి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అన్నం పెట్టమంటారా?" అని అడిగింది.

"అన్నం వద్దు. మంచినీళ్లియ్యి" అన్నాడు.

చెంబుడు తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మంచినీళ్ల టిన్నులు మూడింతలు కావాల్సి వచ్చాయి. అంతకు మించి మార్పేమీ లేదు. ఊళ్లో వాళ్లు ఎదురుపడితే, "ఏం సత్యప్రసాద్ గారూ, మా చెరువులో రొయ్య మేత ముట్టడం లేదండి, పట్టేయమంటారా?" అని అడిగేవాళ్లు. ఆయన ఆలోచించి సలహా చెప్పేవాడు.

ఎస్సైగారు కూడా ఇంటికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని ఆయన చెప్పినదంతా విన్నాడు. అదే గట్టు మీద చెరువులున్న ఆసామి చినబాబు. అతని చెరువుకి తెగులు పట్టింది. ఆ నీళ్లు అందరూ చెరువులకి తోడుకునే బోదె కాలవలోకి వదిలేస్తుంటే, సత్యప్రసాద్ తూముకి అడ్డంగా ఇసుక బస్తాలు వేశాడు. బస్తా మీద పెట్టిన చెయ్యి ముందు తెగింది. మెడ తర్వాత.

"అంతా బాగానే ఉందండి" అన్నాడు ఎస్సై. "కాని పోయినవాళ్ల వాంగ్మూలం పోకముందు ఇస్తేనే చెల్లుద్ది. ప్రాణాలతో ఉన్నవాడెవడైనా చూశాడా?"

"చూశాడు. వాడే వచ్చి చెప్తాడు" అన్నాడు సత్యప్రసాద్.

పేరు మాత్రం చెప్పలేదు. సాయిదుర్గ బతిమాలింది, అరిచింది, రెండు రోజులు మాట్లాడ్డం మానేసింది. ఎన్నిసార్లు అడిగినా, "దాహంగా ఉందమ్మా" అనేవాడు, అంతే.

అనుమానం మీద అరెస్టయిన చినబాబు మూడు నెలలకే బెయిల్ మీద వచ్చాడు. సత్యప్రసాద్ కౌలుకి చేసిన రెండు చెరువులూ గట్టు చివర ఉన్నాయి. చినబాబు చెరువుల్ని దాటుకునే అక్కడికి వెళ్లాలి. అవి సాయిదుర్గ నడపడం అతనికి కంట్లో నలుసులా ఉంది. ఓ మధ్యాహ్నం ఆమె స్కూటీని ఇంటి ముందే పెట్రోలు పోసి తగలబెట్టించాడు. ఆమె భీమవరంలో ఒక ఇంజినీరింగు కుర్రాడి దగ్గర లావు టైర్ల మౌంటెన్ బైకు పాతది కొనుక్కుంది. రేగడి గట్టు మీద, గుంటల్లో, వానకి నానిన బురదలో కూడా అది పోతుంది.

పోనిది ఒకటే, నాన్న దాహం. లీటరు బాటిలు గుడ్డసంచిలో పెట్టి హ్యాండిల్‌కి తగిలిస్తే ఒంటిచేత్తో ఆయన తీసుకోలేకపోయేవాడు. ప్రతి అర కిలోమీటరుకీ ఆగి, తీసి ఇవ్వాలి. మొదటిసారి అలా ఆగినప్పుడు వెనకనించి రాయి వచ్చి తలకి తగిలింది. మూడు కుట్లు పడ్డాయి. రెండోసారి చినబాబు మనిషి ఒకడు కర్రతో కొడితే ఎడం మణికట్టు ఎముక చిట్లింది. నెలన్నర కట్టు. రెండుసార్లూ సత్యప్రసాద్ మధ్యలోకి దూకాడు. కాని గ్లాసు పట్టుకోగలిగిన ఆ చెయ్యి మనిషిని మాత్రం పట్టుకోలేకపోయింది. కర్ర ఆయనలోంచి గాలిలా దూసుకుపోయి కూతురి ఎముకని తాకింది.

కట్టు విప్పిన రోజే ఆమె నాన్నని తీసుకుని భీమవరంలో లాజరు సైకిలు షాపుకి వెళ్లింది.

లాజరు యాభై దాటిన మనిషి, నూనె మరకల చొక్కా. బారు మీదున్న పెద్దమనిషికి నమస్కారం పెట్టి, స్టూలు వేసి, మంచినీళ్లు తెప్పించాడు. తర్వాత సైకిలు చుట్టూ తిరిగి చూశాడు.

"ఆగకుండా తొక్కుతూ ఉండగానే నాన్న తీసుకుని తాగాలండి" అంది సాయిదుర్గ. "గుంటలో పడినా బాటిలు ఎగిరిపోకూడదు."

లాజరు గోడకి వేలాడుతున్న హోల్డర్లు నాలుగు దించాడు. నల్ల ప్లాస్టిక్‌ది ముందు చేతికిచ్చాడు. ఆమె బొటనవేలితో నొక్కగానే అది కిర్రుమంది. పక్కన పెట్టేసింది. అల్యూమినియంది ఈకలా తేలిగ్గా ఉంది. లాజరు దాన్ని బిగించి, బాటిలు పెట్టి, ముందు చక్రం జానెడెత్తు లేపి వదిలాడు. బాటిలు ఎగిరి డ్రైనేజీ పక్కకి దొర్లిపోయింది.

"రోడ్డు మీదైతే ఇదే బెస్టండి. మీ గట్టుకి పనికిరాదు" అన్నాడు. మూడోది ఉక్కు కమ్మీతో చేసింది, గట్టిది. దాన్ని పెడల్స్ ముందుండే ఏటవాలు రాడ్డుకి పెట్టి సత్యప్రసాద్‌ని కూర్చోమన్నాడు. ఆయన చెయ్యి చాపితే మోకాళ్లు అడ్డమొచ్చాయి.

"మీకు ఏ చెయ్యండి వాటం?" అని అడిగి, నాలుక కరుచుకున్నాడు. "తప్పయిపోయిందండి."

"పర్లేదయ్యా. ఉన్నది ఎడమదే కదా" అన్నాడు సత్యప్రసాద్.

లాజరు గడ్డం గోక్కున్నాడు. ఆయన పక్కకి తిరిగి కూర్చుంటే ఎడంచెయ్యి సీటు వైపు వస్తుంది. అంటే హోల్డరు సీటు కింది రాడ్డుకి ఉండాలి. పైనించి లాగడానికి చోటుండదు కనక పక్కనించి తెరుచుకునేది కావాలి. లోపలికెళ్లి చాలాసేపు వెతికి దుమ్ము పట్టిన పెట్టె ఒకటి తెచ్చాడు. ఎడంవైపు తెరుచుకునే ఉక్కు హోల్డరు, లీటరు బాటిలుకి సరిపడా వదులు చేసుకోడానికి పక్కన మర కూడా ఉంది. కొనేవాళ్లు లేక ఏడాదిగా పడుందన్నాడు. రెండు బోల్టులూ బిగించాడు. సత్యప్రసాద్ చూడకుండానే చెయ్యి వెనక్కి పోనిచ్చి బాటిలు లాగాడు, తాగాడు, మళ్లీ నెట్టాడు. టక్‌మని పట్టుకుంది.

"ఇది బాగుందమ్మా" అన్నాడు. చచ్చిపోయాక ఆయన ఒక వస్తువు బాగుందనడం అదే మొదలు.

మర్నాడు పొద్దున్న గట్టెక్కాక ఆయన రెండుసార్లు తాగాడు. సాయిదుర్గ ఒక్కసారీ ఆగలేదు. చినబాబు మొదటి చెరువు దాటింది, రెండోది దాటింది. ఒంట్లో ఏదో సంబరం పుట్టి ఇంకో గేరు మార్చింది.

మూడో చెరువు దగ్గర చినబాబు కాపలా మనిషి రాముడు పొడుగాటి వెదురు బొంగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనకనించి జీపు హారను వినిపించింది. రాముడు బొంగుని దారికి అడ్డంగా చాపాడు. అది నాన్నలోంచి దూసుకుపోయి ఆమె రొమ్ముకి తగిలింది. ఆమె, నాన్న, సైకిలు ముగ్గురూ కలిసి గట్టు అంచున పడ్డారు. జీపు ముందు టైరు సైకిలు చక్రం మీదెక్కి ఆగింది.

చినబాబు ఇనప రాడ్డుతో దిగాడు.

"చెరువులు వదిలేసి పొమ్మని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అంటూ మొదటి దెబ్బ సైకిలు మీద వేశాడు. ఉక్కు హోల్డరు వంగి బాటిలుని కరిచేసింది. రెండో దెబ్బ ఆమె తొడ మీద పడింది. కళ్లు బైర్లు కమ్మాయి. మూడోది తలకి గురిపెట్టాడు. ఆమె దొర్లింది. అప్పుడే రాముడు ముందుకి వంగాడు. అడ్డం వచ్చాడో, ఆమెని పట్టుకోడానికి వచ్చాడో గాని రాడ్డు వాడి నెత్తి మీద పడింది. టెంకాయ పగిలిన చప్పుడైంది. చిమ్మిన నెత్తురుకి చినబాబు పట్టు జారింది.

రాడ్డు సాయిదుర్గ చేతికొచ్చింది. రెండు చేతులా పట్టుకుని అతని మోకాలి మీద కొట్టింది. విరిగింది. మోచేతి మీద కొట్టింది. పక్కటెముకల మీద కొట్టింది. ఏడాదిగా పళ్ల బిగువున ఆపుకున్నదంతా అలా దెబ్బ వెనక దెబ్బగా వచ్చేసింది. జీపు డ్రైవరు దూకి, అరుస్తున్న చినబాబుని చంకల కింద పట్టి లోపలికి ఈడ్చుకుని, వెనక్కి తోలుకుపోయాడు. కిందపడ్డ రాముడి వంక ఇద్దరిలో ఒక్కరూ చూడలేదు.

ఆమె రాముడి మీదికి తిరిగింది. మొహమంతా నెత్తురు, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. ఏడాది పొడుగునా ఆ గట్టు కాసేది వాడే.

"ఆ రోజు చూసింది నువ్వేనా?"

"నేనేనండి, అమ్మాయిగారు."

ఆమె రాడ్డు పైకెత్తింది. రాముడు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"దాహంగా ఉందమ్మా" అన్నాడు సత్యప్రసాద్, పడినచోటే కూర్చుని.

"ఉండు నాన్నా."

"దాహంగా ఉంది."

"ఒక్క నిమిషం ఉండమంటున్నానా!"

రాముడు తల తిప్పి సత్యప్రసాద్ వంక చూశాడు. తర్వాత బోర్లా తిరిగి, మోచేతుల మీద సైకిలు దాకా పాకాడు. వంగిన హోల్డరులోంచి బాటిలు రాలేదు. వేళ్లు దూర్చి కమ్మీని వెనక్కి వంచాడు. గోరు ఊడింది. అది చాలక పళ్లతో మూత పట్టి లాగాడు. వచ్చింది. సగం పైన నీళ్లున్నాయి. పాక్కుంటూ వెళ్లి, సత్యప్రసాద్ నోటికి ఆనించాడు. ఆయన ఆగకుండా తాగాడు. అడుగుకంటా తాగాడు.

"ఇంకా తెమ్మంటారా అండి?" అన్నాడు రాముడు.

"చాలురా" అన్నాడు సత్యప్రసాద్.

ఏడాదిలో ఒక్కసారి కూడా ఆయన నోట ఆ మాట రాలేదు. లేచి పంచెకి అంటిన మట్టి దులుపుకున్నాడు. కూతురి వంక కాసేపు చూశాడు, సంతకెళ్లేముందు చూసినట్టు. తర్వాత గట్టు వెంట నడుచుకుంటూ వెళ్లాడు. మలుపు దగ్గర కనిపించలేదు.

ఎత్తిన చెయ్యి ఎప్పుడు దిగిందో సాయిదుర్గకి తెలీలేదు. రాడ్డుని చెరువులోకి విసిరేసింది. చున్నీ చింపి రాముడి తలకి గట్టిగా కట్టింది. కడుతూ ఏడ్చింది.

"నడవగలవా?"

"స్టేషన్ దాకా నడుస్తానండి."

ఒకరినొకరు పట్టుకుని, కుంటుకుంటూ రోడ్డెక్కి ఆటో ఆపారు. స్టేషన్‌లో ఎస్సై వాళ్లని చూసి కుర్చీలోంచి లేచాడు.

"ముందు హాస్పిటల్‌కి పదండి."

"ముందు రాసుకోండి బాబూ" అన్నాడు రాముడు. "తర్వాత నేనుంటానో ఉండనో."

ఎస్సై కాగితాలు తీశాడు. రాముడు గోడకి ఆనుకుని నిలబడి చెప్పాడు. తూము దగ్గర ఎవరు ముందు అరిచారో, కత్తి జీపులో ఎక్కడుండేదో, ఎన్ని వేట్లు పడ్డాయో, దాన్ని ఏ చెరువులో పారేశారో. భోజనానికి ఇంటికెళ్లానని అప్పట్లో తను చెప్పింది అబద్ధమన్నాడు. ఎస్సై రెండు పేజీలు నింపి, చివర గీత గీసి, వేలిముద్ర వేయమని ఇంకు ప్యాడు ముందుకి జరిపాడు.

"అయిపోలేదండి" అన్నాడు రాముడు. "పడిపోయాక ఆయన నీళ్లడిగారండి. నన్నే అడిగారు, పేరు పెట్టి. నా చేతిలో సీసా నిండా ఉందండి. నేను చినబాబుగారి మొహం వంక చూశాను. చూసి, మూత తీసి, ఆయన చూస్తుండగా ఆ నీళ్లు నేనే తాగేశానండి. అది కూడా రాయండి."

ఎస్సై రాయకుండా సాయిదుర్గ వంక చూశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"రాయండి" అంది.