మంట రంగు

ఆమ్లం కలిపిన నీళ్ళలో రాత్రంతా నానిన గాజు బీకర్లను ఒక్కొక్కటే తీసి కడుగుతున్నాను. పొద్దున్నే ఇంట్లో సింకెడు గిన్నెలు తోమి వచ్చాను, ఇక్కడ ఇవి. ఔషధ మొక్కల ఆకుల్లో సీసం, రాగి, ఇనుము ఎంతెంత ఉన్నాయో కొలిచే ప్రయోగశాల మాది. బీకరుకి పిసరంత మురికి అంటుకున్నా లెక్క తప్పుతుంది. అందుకే మా సారు, "నువ్వు కడిగితేనే నాకు నమ్మకమమ్మా, మగాళ్ళకి ఈ ఓపిక ఎక్కడిది?" అంటారు. మెచ్చుకోలే! ఇంట్లో అత్తగారిదీ అదే వరస: "కషాయం నీ చేత్తో కాస్తేనే నా మోకాళ్ళకి పడుతుందే." ఈ ఇద్దరి మెచ్చుకోళ్ళ మధ్య నా నడుం విరిగిపోతోంది.

ఆకు కడగడం, ఆరబెట్టడం, ఇనుము తగలకుండా పింగాణీ రోట్లో నూరడం, ఆమ్లంలో కరిగించడం, అన్నీ నావే. కరిగినదాన్ని మిషన్ మంటలోకి పంపి ఏ లోహం ఎంతుందో చదవడం మాత్రం నాతోపాటే ఉద్యోగంలో చేరినాయన పని. పగలంతా ఆ మిషన్ గది పక్క విభాగం వాళ్ళది, మా వంతు సాయంత్రం నాలుగు తర్వాతే. నాలుగింటికి నేను సంచీ సర్దుకోవాలి, అత్తగారి కషాయం వేళకి ఇంట్లో ఉండాలి. "ఆ అంకెలు రేపు చూసుకోవచ్చుగా, ఎక్కడికి పోతాయి?" అంటారు మా ఆయన. నిజమే, ఎక్కడికీ పోవు. ఇంకొకాయన పేరు మీద అచ్చవుతాయి, అంతే. నా బాధ అచ్చు గురించి కూడా కాదు. నేను నూరిన ఆకు మంటలో పడే క్షణం చూడాలని ఉంది. ఎంతగా ఉందంటే, ఇంటికెళ్ళే బస్సులో కిటికీ వైపు తిరిగి ఎన్నిసార్లు ఏడ్చానో. ఇంట్లో కళ్ళెందుకు ఎర్రబడ్డాయని అడిగినవాళ్ళు లేరు, ఇవాళ ఏం చేశావని అడిగినవాళ్ళు అసలే లేరు.

ఇవాళ కరిగించింది మా ఇంటి ఆకే, అత్తగారి కషాయం ఆకు. వీధి గోడవారన పెరుగుతుంది, బళ్ళ పొగంతా దాని మీదే. అందులో సీసం ఉందేమోనని చాన్నాళ్ళుగా నా అనుమానం. నాలుగయింది. అలవాటుగా సంచీ భుజాన వేసుకున్నాను. మళ్ళీ తీసి కుర్చీకి తగిలించాను.

"ఇవాళ మిషన్ దగ్గర నేను కూర్చుంటాను సార్."

సారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మరి ఇంట్లో...?"

"ఇంట్లో నేను చెప్పుకుంటానండీ."

ఫోన్ చేశాను. "రాలేవా? మరి అమ్మ కషాయం?" మా ఆయన గొంతులో ఇల్లు తగలబడుతున్నంత కంగారు.

"ఆ ఆకులో సీసం ఉందేమో మంటలో పెట్టి చూడాలి. తేలేదాకా కషాయం వద్దు. వంట మీరు చేసేయండి."

"చోద్యంగా ఉందే, నీకేమైనా..." అంటుండగానే ఫోన్ చేతులు మారింది. అత్తగారు. తిట్లకి సిద్ధపడ్డాను.

"ఏమే, ఆకుని మంటలో పెట్టి చూస్తారా? నా బతుకంతా పొయ్యి ముందే గడిచిపోయింది గానీ, అలాంటి మంట ఎన్నడూ చూళ్ళేదు. ఏ రంగులో ఉంటుందే?"

ఇన్నేళ్ళుగా ఆ మిషన్ గది గోడకి ఇవతల బీకర్లు కడుగుతున్నదాన్ని, నాకు మాత్రం ఏం తెలుసు?

"చూసొచ్చి చెప్తాను అత్తయ్యా" అన్నాను.